రెండో బీటు, పదిహేడో గడప

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు భూతద్దం ఊరి పాత ఫొటోలుంచిన బొమ్మల గదిలో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ కేసు తేల్చేసి టీ తాగుతున్నాడు.

భూతద్దం అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. వేలిముద్రల విభాగంలో పాతికేళ్లు చేసి, బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. అప్పటి నుంచి వెనకాల భూతద్దం అంటారు, ఎదురుగా భూతద్దం మేడమ్ అంటారు. రెండూ ఆమెకు సమ్మతమే.

"ఆలస్యంగా వచ్చారు మేడమ్. దొంగ దొరికింది. వస్తువొక్కటే దొరకాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మా రోజుల్లో ముందు వస్తువు దొరికేది, తర్వాత దొంగ దొరికేవాడు. ఇప్పుడు తిరగేశారా?"

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడే ఆమెకు జవాబు. ఈ ఇద్దరికీ పదేళ్లుగా పడదు. ఒకరు పట్టుకున్నవాళ్లను ఇంకొకరు వదిలించడంతోనే సగం కాలం గడిచిపోయింది.

దొంగ అనిపించుకున్న మనిషి కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఊళ్లో నలభై ఏళ్లు ఉత్తరాలు పంచిన పోస్టుమన్ కోడలు. ఈ గదిలోని పన్నెండు వందల పాత ఫొటోలు, పోస్టుకార్డులు ఆ మామగారు కూడబెట్టినవి. ఆయన పోయి ఏడాదైంది. అప్పటి నుంచి గది తాళం, దుమ్ము, జీతం లేని బాధ్యత ఈమెవి.

పోయింది ఒకే ఒక్క కార్డు. డెబ్బై ఏళ్ల కిందటి రేవు మెట్ల బొమ్మ. ఆ మెట్లు తమ సొంతమని పక్కనున్న గిడ్డంగివాళ్లు గేటు పెట్టి జనాన్ని ఆపేశారు. గిడ్డంగి కట్టక ముందే ఆ మెట్ల మీద ఊరంతా తిరిగిందని చూపించే సాక్ష్యం ఆ కార్డే. రేపు పదింటికి మునిసిపాలిటీలో విచారణ. ఇవాళ కార్డు మాయం.

"అయిదింటికి ఈమెను జీపెక్కిస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీకు గంటా యాభై నిమిషాలు టైముంది. ఆమె ఆడపడుచు వచ్చి మిమ్మల్ని పెట్టుకుందట కదా, అడగాల్సింది అడగండి."

భూతద్దం కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్, కార్డును ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"ఒంటిగంటా పదికి మేడమ్. అన్నానికి ఇంటికెళ్తూ గాజు పెట్టె తుడిచి వెళ్లాను. ఉంది."

"అప్పుడు గదిలో ఎవరున్నారు?"

"లెక్చరర్ గారొక్కరే. పన్నెండూ యాభై అయిదుకి వచ్చారు. గిడ్డంగి లాయరు అంతకుముందే వచ్చి నాతో పది నిమిషాలు మాట్లాడి ఒంటిగంటా అయిదుకి వెళ్లిపోయారు."

"అదిగో, అక్కడే ఉంది కిటుకంతా" అని ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "లాయరుతో బేరం కుదిరింది. చూడ్డానికొచ్చిన వాళ్లందరి సంచులూ జేబులూ కింద వాచ్‌మన్ తడిమి పంపుతాడు. ఈమెను తడమడు. ఒంటిగంటా పదికి బయటికెళ్లింది ఈమె. కార్డు కూడా ఆమెతోనే వెళ్లింది."

"ఆమె ఇల్లు సోదా చేశారా?"

"చేశాం."

"ఏం దొరికింది?"

"అత్తగారు తిట్టింది" అన్నాడతను.

భూతద్దానికి నవ్వొచ్చింది, ఆపుకుంది. కోడలి వైపు తిరిగింది. "తిరిగి ఎన్నింటికొచ్చావు?"

"ఒంటిగంటా యాభైకి. నేను మెట్లెక్కుతుండగానే లెక్చరర్ గారు పెట్టె దగ్గర నిలబడి, కార్డేదమ్మా అని కేకేశారు."

"ఆ కార్డు మీ మామయ్యకు ఎవరిచ్చారు?"

అంతవరకు తడుముకోకుండా చెప్పిన మనిషి నోరు కట్టేసినట్టు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ వైపు ఒకసారి చూసింది, నేలవైపు చూసింది.

"అది చెప్పను మేడమ్."

"చూశారా? నేనడిగినా అదే మాట. రెండింటి నుంచి ఆ ఒక్క ప్రశ్నకే తాళం. దాచేదేమీ లేకపోతే తాళమెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అతనన్నది తప్పు కాదని భూతద్దానికీ అనిపించింది. కానీ పాతికేళ్లలో ఆమె చాలామంది దొంగల మొహాలు చూసింది. దొంగ దాచేటప్పుడు తనను చూసుకుంటాడు. ఈ పిల్ల ఇంకెవరినో చూస్తోంది.

లెక్చరర్ పక్క గదిలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, గాలికి చెదరని తల, మాటకు ముందొక దగ్గు. ఊరి చరిత్ర మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం ఇక్కడి బల్ల మీదా ఉంది. రేవు మెట్లు గిడ్డంగివాళ్ల తాత కట్టించినవని అందులో మూడు పేజీలున్నాయి.

"పుస్తకంలో అలా రాసి, కార్డు పోయిందని ఫిర్యాదు మీరే ఇచ్చారేమిటి?" అని అడిగింది భూతద్దం.

"చరిత్రకారుడికి పంతం ఉండకూడదమ్మా. కొత్త ఆధారం దొరికితే తలవంచాలి."

"మంచి మాట. నేనా కార్డు ఎప్పుడూ చూడలేదు. ఏముంటుంది దాంట్లో?"

లెక్చరర్ కళ్లు మూసుకుని చెప్పాడు. క్లాసులో చెప్పినట్టే చెప్పాడు. "కింద నీళ్లు. రెండు పడవలు. ఇరవై రెండు మెట్లు. నెత్తిన బుట్టలతో జనం దిగుతుంటారు. మూడో మెట్టు మీద ఒక పడవ మనిషి, పక్కనే ఆయన కూతురు, గుండుతో, నాన్న పంచె పట్టుకుని నిలబడి ఉంటుంది. వెనకాల గిడ్డంగి ఉండదు, ఖాళీ జాగా. అపురూపమైన బొమ్మ."

"కళ్లకు కట్టినట్టు చెప్పారు."

"నాలుగింటికి క్లాసుందమ్మా. వెళ్లవచ్చా?"

ఇన్‌స్పెక్టర్ తలూపాడు. మూడూ ఇరవై అయిదుకి లెక్చరర్ మెట్లు దిగాడు. వాచ్‌మన్ ఆయన జేబులు మళ్లీ తడిమి, చేతి సంచీ తిరగేసి మరీ వదిలాడు.

భూతద్దం గాజు పెట్టె దగ్గరికెళ్లింది. ముందువైపు తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల కార్డు నాలుగు మూలలనూ పట్టుకునే కాగితపు మూలలు నాలుగూ చెక్కుచెదరలేదు. తీసినవాడికి కాగితాన్ని గౌరవించే అలవాటుంది. ఆమె మోకాళ్లమీద కూర్చుని పెట్టె కాళ్ల దగ్గర నేల చూసింది. కాలు ఉన్న చోటికీ, ఉండాల్సిన మరక ఉన్న చోటికీ నడుమ రెండు వేళ్ల ఎడం. పెట్టెను గోడకు దూరంగా జరిపి వెనక చూస్తే, పలుచటి చెక్కను పట్టి ఉంచే తిప్పుడు బద్దలు రెండు కనిపించాయి. వాటిమీద ఏడాది దుమ్ము ఉండాలి. లేదు.

"తాళంచెవి ఉన్న మనిషి వెనక నుంచి ఎందుకు తెరుస్తుంది, ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మనల్ని తప్పుదారి పట్టించడానికి."

"అంత తెలివైంది రెండింటి నుంచి నోరు మూసుకుని మీతో తిట్లెందుకు తింటుంది?"

"మేడమ్, మీకు ప్రతిదీ పొడుపుకథే. నాకు తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే లెక్క. వెనకవైపు తెరిచినవాడు కార్డును ఎలా బయటికి తీసుకెళ్లాడో చెప్పండి, ఈమెను ఇప్పుడే వదిలేస్తాను."

"బయటికి తీసుకెళ్లాడని ఎవరన్నారు?"

ఇన్‌స్పెక్టర్ గదంతా ఒకసారి కలియజూశాడు. ఇల్లు సోదా చేశాడు, సంచీ సోదా చేశాడు. ఈ గదిని మాత్రం వెతకలేదు.

పెట్టెకు చెయ్యి చాచితే అందేంత దూరంలో పొడుగాటి బల్ల, బల్లమీద బరువైన ఆల్బం. భూతద్దం దాన్ని తెరిచింది. రెండు పేజీలు తిప్పేసరికి వెతకడం మరిచిపోయింది.

ప్రతి ఎడమ పేజీలో ఊరి పాత బొమ్మ ఉంది. ఎదుటి పేజీలో అదే చోటు, అదే మూల నుంచి, ఈ మధ్య తీసింది. పాత బొమ్మలో గడియారం మేడ నీడ పళ్ల దుకాణం గుమ్మాన్ని తాకుతుంటే, కొత్త బొమ్మలోనూ అదే నీడ అదే గుమ్మాన్ని తాకుతోంది. దుకాణం మాత్రం మందుల షాపైంది. పాత వంతెన మీద ఎడ్లబండి నిలబడిన చోట కొత్త వంతెన మీద లారీ నిలబడి ఉంది.

"నీడలు ఎలా కలిశాయమ్మాయ్?"

"మామయ్య కాచుకునేవారు మేడమ్" అంది కోడలు. అప్పటిదాకా లేని వెలుగు ఆమె మొహంలోకి వచ్చింది. "ఆ నీడ ఏ నెలలో, ఏ వేళకు పడుతుందో చూసి, ఆ రోజు వచ్చేదాకా ఆగేవారు. మబ్బు పడితే మళ్లీ ఏడాదికే. ఈ వంతెన బొమ్మకు మూడేళ్లు పట్టింది. ఉత్తరాల సంచీతో పాటు కెమెరా సైకిలుకు తగిలించుకునే తిరిగేవారు."

భూతద్దం పేజీలు తిప్పుతూ ఉండిపోయింది. రాజుల పేర్లు లేవు, యుద్ధాలు లేవు. బడి మెట్ల మీద పలకలు పట్టుకున్న పిల్లలు, వరద గుర్తు చూపిస్తున్న వేలు, మొదటి బస్సు ముందు మీసం మెలేస్తున్న డ్రైవరు. లావు పుస్తకం రాసినాయన ఊరి చరిత్ర రాశాడేమో గానీ, ఈ పోస్టుమన్ ఊరిని గుమ్మం గుమ్మం అడిగి తెలుసుకున్నాడు. చదువుకున్నవాళ్లకు రాని ఓపిక ఇది. ఆమెకు ఆ మనిషిని ఒక్కసారైనా కలవలేదే అని నిజంగా బాధేసింది.

"మేడమ్, మూడూ నలభై అయింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పేజీల మధ్య పలుచటి బటర్ పేపర్లున్నాయి. అన్నీ అంచుకు అంచు కలిపి సర్దినవి. రేవు మెట్ల పేజీ దగ్గర మాత్రం ఆ కాగితం ఒక మూల మడతపడి ఉంది. కొత్త ఫొటో కొంచెం ఉబ్బి ఉంది. భూతద్దం దాని వెనక వేలు పెట్టి, మెల్లగా బయటికి లాగింది.

రేవు మెట్ల కార్డు.

ఇన్‌స్పెక్టర్ రెండంగల్లో వచ్చాడు. కోడలు లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

భూతద్దం కార్డును వెలుతురుకు పట్టి చూసింది. "ఇది డెబ్బై ఏళ్ల కాగితం కాదు. పదేళ్లు కూడా ఉండదు. ఇది నకలు కదమ్మా?"

కోడలు తలూపింది. "ఇక్కడున్నవన్నీ నకళ్లే మేడమ్. మామయ్య ఎవరి ఫొటో ఉంచుకోలేదు. ఒక్క రాత్రి అడిగి తెచ్చుకుని, నకలు తీసుకుని, తెల్లారేసరికి ఇచ్చేసేవారు. చేరాల్సిన చోట చేర్చడమే నా ఉద్యోగం, ఉంచుకోవడం కాదు అనేవారు. అసళ్లు ఇప్పటికీ ఆ ఇళ్లలోనే ఉన్నాయి."

భూతద్దం కార్డు తిరగేసింది. బాల్‌పెన్నుతో గుండ్రటి అక్షరాలు. "రెండో బీటు, పదిహేడో గడప. మూడో మెట్టు మీది పాప ఇచ్చింది. ఎవరో చెప్పకూడదు."

"ఎవరి రాత ఇది?"

"నాదే. చివర్లో మామయ్య చెయ్యి వణికేది. ఆయన చెబితే నేను రాసేదాన్ని. ఉత్తరాలు పంచే దారిని బీటు అనేవారు."

భూతద్దం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "విన్నారా? దొంగకు బొమ్మ అక్కర్లేదు. అక్కర ఉన్నవాడు వదిలిపోడు. వాడికి కావలసింది వెనకున్న ఈ రెండు ముక్కలు. ఇవి రాసిన మనిషికి ఇవి చదవడం కోసం పెట్టె తెరవాల్సిన పనేముంది?"

ఇన్‌స్పెక్టర్ కార్డు అందుకున్నాడు. "అయితే లెక్చరరా? ఆయనే అని ఎలా చెబుతారు?"

"బొమ్మ చూడండి. మూడో మెట్టు మీది పిల్ల ఎవరు?"

అతను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మగపిల్లాడు. గుండు, పెద్ద చొక్కా."

"ఎవరు చూసినా మగపిల్లాడే అంటారు. పేలు పడో ఎందుకో గుండు చేయించి ఉంటారు. ఆడపిల్ల అని ఈ వెనక తప్ప ఎక్కడా లేదు. లెక్చరర్ మాత్రం పడవ మనిషి కూతురు అని చెప్పాడు. వెనక చదివాడు, ఈమె అడుగుల చప్పుడు విన్నాడు, మళ్లీ మూలల్లో దూర్చే టైము లేక చేతికందిన ఆల్బంలో తోశాడు. తర్వాత తనే కేకేశాడు."

"అసలు కార్డుతో ఆయనకేం పని?"

"నకలు అబద్ధమని లాయరు రేపు నిమిషంలో కొట్టేస్తాడు. అసలు దానిమీద స్టాంపు ఉంటుంది, తేదీతో పోస్టు ముద్ర ఉంటుంది. అది లేకుండా పోతే మెట్లు గిడ్డంగివాళ్లవి, ఆ మూడు పేజీలు ఆయనవి. రెండూ పదిలం."

భూతద్దం పోస్టాఫీసుకు ఫోన్ చేసింది. గుమాస్తా పాత మనిషే. లెక్చరర్ గారు ఇప్పుడే వచ్చారనీ, రెండో బీటు ఏ వీధిలో మొదలవుతుందో అడిగి వెళ్లారనీ, చరిత్ర కోసమేనన్నారనీ చెప్పాడు. అయిదు నిమిషాలైంది.

"పద అమ్మాయ్. ఆ గడప ఎక్కడ?"

కోడలు కదల్లేదు. "మీరొక్కరే రండి మేడమ్. సార్ వద్దు."

"నేనెందుకు వద్దు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వింకా నా కస్టడీలోనే ఉన్నావు. నేను లేకుండా గుమ్మం దాటలేవు."

"అయితే నేను చెప్పను సార్. జీపెక్కించండి, కూర్చుంటాను."

"అక్కడ ఎవరున్నారో గానీ ఒక ముసలావిడ అయి ఉంటుంది. ఒంటరిగా ఉండొచ్చు" అంది భూతద్దం మెల్లగా. "వాడు ముందు చేరితే తీయటి మాటలతో కార్డు పట్టుకుపోతాడు. ఇవ్వకపోతే ఏం చేస్తాడో నాకు తెలియదు. మీ మామయ్య ఉంటే ఏం చేసేవారు?"

కోడలు లేచి చెప్పులు వేసుకుంది.

నాలుగూ అయిదుకి, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లతో, జీపు బయల్దేరింది. కోడలు ముందు కూర్చుని కుడి, ఎడమ అని మాత్రం చెప్పింది. ఒక మలుపు తిరగ్గానే ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ఇది మా వీధే. ఇక్కడ నాకు తెలియని ఇల్లు లేదు."

కోడలు జీపు ఆపించింది. దిగి నడవాలంది. పోస్టుమన్ లెక్క ఇళ్ల లెక్క కాదని అప్పుడు చెప్పింది. మామయ్య కుడివైపు ఒక గుమ్మంలో ఉత్తరమిచ్చి, అడ్డంగా దాటి ఎడమవైపు ఒకటి ఇచ్చి, మళ్లీ కుడికి వచ్చేవారట. మేడమీద వేరే వాటా ఉంటే అదొక గడప. కొట్టుకు వెనకిల్లు ఉంటే రెండు గడపలు.

ఆ లెక్క తెలియని మనిషి ఒకడు వీధి చివర అవస్థ పడుతున్నాడు. కుడివైపు వరసగా పదిహేడిళ్లు లెక్కపెట్టుకుని టైలరు షాపులో తేలిన లెక్చరర్, పాత ఫొటోలేమైనా ఉన్నాయా అని మూడోసారి అడుగుతున్నాడు. టైలరు టేపు మెళ్లో వేసుకుని, కొలతలు ఇస్తారా ఇవ్వరా అంటున్నాడు. కానిస్టేబుళ్లు చెరోవైపు నిలబడగానే లెక్చరర్ దగ్గాడు. ఈసారి దగ్గు తర్వాత మాట రాలేదు.

"అయిపోయింది కదా సార్" అంది కోడలు. వాళ్లు పద్నాలుగో గడప ముందు నిలబడి ఉన్నారు. "ఇక వెళ్లిపోదాం. రేపు పొద్దున నేనొక్కదాన్నే వచ్చి, అడిగి, కార్డు తెస్తాను."

"అదేం కుదరదు. అసలు కార్డు ఇప్పుడే స్వాధీనం చేసుకోవాలి. ఇంకా మూడు గడపలేగా." ఇన్‌స్పెక్టర్ తనే ముందు నడిచాడు. లెక్క తెలిసిపోయిన ఉత్సాహంలో ఉన్నాడు. "కుడివైపు, ఇది పదిహేను. దాటితే ఎడమవైపు పదహారు. మళ్లీ కుడికి..."

కుడివైపు నీలం తలుపు ముందు అతను ఆగిపోయాడు. తలుపు పక్క గోడమీద ఇత్తడి పలక ఉంది. దానిమీద అతని పేరు, పేరు కింద ఉద్యోగం ఉన్నాయి.

భూతద్దానికి మధ్యాహ్నం నుంచి జరిగిందంతా ఒక్కసారిగా అర్థమైంది. ఈ పిల్ల రెండు గంటలు ఎవరి తిట్లు తిన్నదో, తింటూ ఎవరిని కాచిందో అర్థమైంది. ఎన్నో కేసుల్లో ఎన్నో మౌనాలు చూసిన మనిషికి ఇంత పరువైన మౌనం మాత్రం ఇదే మొదటిసారి.

తలుపు తెరుచుకుంది. డెబ్బై అయిదేళ్ల ఆవిడ ముందు కోడల్ని చూసింది.

"చెప్పేశావా అమ్మాయ్?"

"లేదు పెద్దమ్మా. సారే లెక్కపెట్టుకుంటూ వచ్చారు."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "మీ తాత రేవులో గుమాస్తా అని చెప్పాను. కాదురా. పడవలో దొంగసరుకు దించేవాడు. ఆ బొమ్మ తీసిన నెలకే ఆ మెట్ల మీదే పట్టుకుని తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. నాకాయన మొహం ఆ ఒక్క కార్డులోనే ఉంది. నీకు యూనిఫాం వచ్చిన రోజు చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. పోస్టాయనకు చెప్పుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ గోడకు చెయ్యి ఆనించాడు. కోడలితో అన్నాడు. "జీపెక్కిస్తానన్నాను. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"స్టేషన్లో నలుగురి ముందు చెప్పాల్సొచ్చేది సార్. పెద్దమ్మ వినాల్సిన వాళ్లు వాళ్లు కాదు కదా."

ముసలావిడ లోపలికెళ్లి, గుడ్డలో చుట్టిన కార్డు తెచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"దీన్ని మీకెవరికీ ఇవ్వను. రేపు పదింటికి నేనే పట్టుకొస్తాను. మూడో మెట్టు మీద ఉన్నది నేననీ, పక్కనున్నది మా నాన్ననీ చెబుతాను. ఆయనెవరని వాళ్ల లాయరు అడుగుతాడు, అదీ చెబుతాను. ఊరంతా వింటుంది. నువ్వు డ్యూటీ అని చెప్పి తప్పుకుంటావా, నా పక్కన నిలబడతావా? ఇప్పుడే చెప్పు."

ఇన్‌స్పెక్టర్ భూతద్దం వైపు చూశాడు. ఆమె పక్కకు జరిగి గుమ్మం ముందు చోటిచ్చింది. అతను కోడలి వైపు తిరిగాడు.

"మీ మీద కేసేమీ లేదు. మీరు ఇంటికెళ్లండి" అని, తల్లి చేతిలోని కార్డు వైపు మొహం వంచాడు. "అమ్మా, ముందు నాకోసారి ఆయన్ని చూపించు."